నల్లకుంట నుంచి చటాన్‌పల్లి దాకా: ‘ఆమె ఎలాంటిది?’ అన్న ప్రశ్న వెనక కథ

1978 మార్చి చివర్లో ఒక రాత్రి నల్లకుంట పోలీసులు రమీజా బీ అనే పేద యువతిని స్టేషన్‌కి తీసుకెళ్లారు. అక్కడ పోలీసులే ఆమెపై అత్యాచారం చేశారని, అడ్డొచ్చిన భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్లు కొట్టిన దెబ్బలకే చనిపోయాడని జస్టిస్ ముక్తదర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఆయన రిక్షా తొక్కి బతికేవాడు. ఆయన చావుతో హైదరాబాద్ భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది.

కానీ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు ఎక్కువగా కష్టపడింది ఆమె వేశ్య అని, ఆమె పెళ్లి చెల్లదని చూపించడానికే. స్టేషన్‌లో ఏం జరిగిందన్నది పక్కకు పోయింది. ఆమె ఎలాంటిదన్నది ముందుకొచ్చింది. కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో పోలీసులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు.

ఈ ప్రశ్నకు చట్టంలోనే చోటుండేది. 1872 నాటి సాక్ష్య చట్టం 155వ సెక్షన్ ప్రకారం అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడత మంచిది కాదని నిందితుడు చూపించవచ్చు. ఆ మాట 2002 డిసెంబరు దాకా పుస్తకంలోనే ఉంది. నల్లకుంట ఘటన తర్వాత ఇరవై నాలుగేళ్లకు గానీ పోలేదు.

చదువుకున్నవాళ్ల సిద్ధాంతాలూ దీనికి తోడయ్యాయి. మెనాకెమ్ అమీర్ అనే పరిశోధకుడు 1958, 1960 సంవత్సరాల ఫిలడెల్ఫియా పోలీసు రికార్డుల్లోంచి 646 అత్యాచారం కేసులు తీసి, 1971లో పుస్తకం వేశాడు. అందులో 19 శాతం కేసుల్లో బాధితురాలే పురిగొల్పిందని రాశాడు. తాగి ఉండటం, పరిచయం ఉండటం, ‘చెడ్డ పేరు’ ఉండటం, ఇవన్నీ లెక్కలోకొచ్చాయి. ఆ రికార్డు రాసింది పోలీసు కదా, అతను ఆమెను ఏ కళ్లతో చూశాడు? ఈ ప్రశ్నను అమీర్ పట్టించుకోలేదు. నల్లకుంటలోనైతే రికార్డు రాసేవాళ్లే నిందితులు.

అంతకు ముందు నేరాన్ని మనిషి పుట్టుకలో వెతికారు. 1876లో ఇటలీ వైద్యుడు లాంబ్రోసో కొందరు పుట్టుకతోనే నేరస్తులని, ముఖం చూసి పట్టేయొచ్చని రాశాడు. మన దగ్గర బ్రిటిష్ వాళ్లు అంతకు ఐదేళ్ల ముందే ఆ పని చట్టంతో చేసేశారు. 1871 నేరస్త తెగల చట్టం కింద కులం కులమంతా దొంగలైపోయింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను కాపలా పెట్టి ఉంచింది ఆ ఆలోచనే. చట్టం 1952లో రద్దయినా ఆ ఊరి పేరు మీది మచ్చ ఇంకా పోలేదు. సమాజం ఒకరికి నేరస్తుడన్న ముద్ర వేశాక ఆ ముద్రే అతన్ని నడిపిస్తుందని అమెరికా సమాజశాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ 1963లో రాశాడు. తెలుగువాళ్లకు అది స్టూవర్టుపురం కథ.

ఫ్రాన్స్‌కు చెందిన సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ నేరం లేని సమాజం ఉండదన్నాడు. డబ్బు సంపాదించమని చెప్పి దారి మూసేస్తే అడ్డదారి తొక్కుతారని 1938లో అమెరికా సమాజశాస్త్రవేత్త మెర్టన్ అన్నాడు. దొంగతనాలకు ఇది కొంత సరిపోతుంది, అత్యాచారానికి సరిపోదు. అమెరికాకే చెందిన నేరశాస్త్రవేత్త సదర్లాండ్ మాట నాకు దగ్గరగా అనిపిస్తుంది. నేరం సావాసంలో నేర్చుకునేదన్నాడు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్లు ఎప్పుడో అన్నారు. ఆడవాళ్ల గురించి మగపిల్లలు టీ కొట్టు దగ్గర మాట్లాడుకునే మాటలు విన్నవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్నను అసలు తిప్పి వేసింది స్త్రీవాదులు. అత్యాచారం కోరిక గురించి కాదు, ఆడవాళ్లను భయంలో ఉంచే అధికారం గురించి అని సుసాన్ బ్రౌన్‌మిల్లర్ 1975లో వాదించింది. 1981లో మానవశాస్త్రవేత్త పెగ్గీ రీవ్స్ శాండే 95 గిరిజన సమాజాల వివరాలు పరిశీలించి, 47 శాతం చోట్ల అత్యాచారం లేదని, లేదా చాలా అరుదని చూపించింది. అంటే ఇది మగ పుట్టుకలోనే ఉన్న గుణం కాదు. ఇక్కడ రమీజా బీ కేసు, మహారాష్ట్రలో మధుర అనే గిరిజన అమ్మాయిపై పోలీస్ స్టేషన్‌లోనే జరిగిన అత్యాచారం కేసు తెచ్చిన ఉద్యమాల ఒత్తిడితోనే 1983లో చట్టం మారింది. పోలీసు కస్టడీలో జరిగితే, నేను ఒప్పుకోలేదని ఆమె చెబితే కోర్టు దాన్నే నిజంగా తీసుకుని మొదలుపెట్టాలి.

అమీర్‌పేట లేడీస్ హాస్టళ్ల సందులో ఒక గేటు మీద బోర్డు ఉంది: ‘రాత్రి 9.30 దాటితే గేటు తీయబడదు.’ కింద ఎర్ర పెయింట్‌తో ‘పేరెంట్స్‌కి ఫోన్ చేయబడును.’ నాలుగిళ్ల అవతల అబ్బాయిల హాస్టల్‌కి ఏ బోర్డూ లేదు, పదకొండింటికి కూడా బైకులు వస్తూ పోతూ ఉంటాయి. 1979లో కోహెన్, ఫెల్సన్ అనే అమెరికా పరిశోధకులు ఒక సిద్ధాంతం చెప్పారు: నేరం చేయాలనుకునేవాడు, అందుబాటులో మనిషి, కాపలా లేకపోవడం, ఈ మూడూ ఒకచోట కలిస్తే నేరం. మూడింట్లో మన ఊరు సర్దాలనుకునేది ఎప్పుడూ రెండోదాన్నే.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ‘దిశ’ అని పిలిచిన యువ పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేసిన ఘటన తర్వాత పోలీసులు ఆడవాళ్లకు జాగ్రత్తలు విడుదల చేశారు: ఎక్కడికెళ్తున్నారో ఇంట్లో చెప్పండి, జనం ఉన్నచోట ఆగండి. మగవాళ్లకు జాగ్రత్తలేవీ రాలేదు. డిసెంబరు 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులను కాల్చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. మృగాలు పోయాయన్నారు. లాంబ్రోసో మాటే మళ్లీ వినిపించింది. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది.

ఆ నలుగురూ దిశకు ముక్కూ మొహం తెలియనివాళ్లు. దేశంలో నమోదయ్యే అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు తెలిసినవాళ్లేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా చెబుతూనే ఉంది. బంధువులు, పక్కింటివాళ్లు, పనిలో పైవాళ్లు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాళ్లు. వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి వెళ్లిన అమ్మాయిని ఇప్పటికీ ముందుగా అడిగేవి ఇవే: అతను నీకెలా తెలుసు? ఎన్నాళ్ల నుంచి? ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లా?