‘మావాడు’ అనిపించుకోవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఒక్క ఆటగాడికి ఇచ్చే అతి పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీ. 2017 నుంచి 2024 వరకు దాన్ని ఎనిమిది మంది అందుకున్నారు. వాళ్లలో ఆరుగురు మొదట ఒక కాలేజీలో చేరి, తర్వాత ఇంకో కాలేజీకి మారినవాళ్లే. జో బరో ఒహాయో స్టేట్‌లో ఆడే అవకాశం సరిగా దక్కక లూసియానా స్టేట్‌కు వెళ్లాడు. 2019లో 60 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చేవి) విసిరి, ఆడిన పదిహేను మ్యాచ్‌లూ గెలిపించాడు. లూసియానాలో ఆడింది మాత్రం రెండే సీజన్లు.

అభిమానుల్లో ఇప్పుడు నడుస్తున్న గొడవంతా దీని మీదే. ‘ఎప్పటికీ నాకిష్టమైన ఆటగాడు’ అని చెప్పుకోవాలంటే వాడు మన కాలేజీలో కొన్నేళ్లు ఉండాలి కదా, ఏడాదికో చొక్కా మారిస్తే ఎలా అని పాతతరం అడుగుతోంది. ఉన్నన్నాళ్లు గెలిపించాడు, అది చాలదా అని కుర్రాళ్లు అంటున్నారు. వినడానికి ఇది తరాల తగాదాలా ఉంటుంది. వెనక్కి వెళ్లి చూస్తే ఇందులో అభిమానం కంటే రూల్స్, డబ్బు ఎక్కువగా కనిపిస్తాయి.

మన పాఠకులకు ముందుగా ఒక మాట. ఇది కాలితో తన్నే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే, విసిరే ఆట. శనివారం వచ్చిందంటే కాలేజీ ఊళ్లలో పార్కింగ్ దొరకదు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలోనే లక్షా ఏడు వేల మందికి పైగా పడతారు. ఎంఎస్‌కు వెళ్లిన మన పిల్లలు మొదటిసారి ఆ జనాన్ని చూసి బిత్తరపోవడం మామూలే. (తెలుగువాళ్లు చాలామంది చదివే యూటీ డాలస్‌కు అసలు ఫుట్‌బాల్ టీమే లేదు. ఇక్కడ మేం ఎప్పుడూ ఓడిపోలేదు అని అక్కడి విద్యార్థులు జోకేసుకుంటారు.)

ఇష్టమైన ఆటగాడి గురించి మాట్లాడితే జిమ్ థోర్ప్‌తో మొదలుపెట్టక తప్పదు. అమెరికా ఆదివాసీ కుర్రాడు. ఆదివాసీ పిల్లల్ని వాళ్ల భాషకూ జుట్టుకూ దూరం చేసి ‘మార్చడానికి’ పెట్టిన కార్లైల్ స్కూల్లో చదివాడు. 1912 నవంబరులో ఆ స్కూలు టీమ్ అమెరికా సైనిక అకాడమీ టీమ్‌ను 27-6తో ఓడించింది. ఓడిన జట్టులో ఐసెన్‌హోవర్ అనే కుర్రాడున్నాడు, తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో థోర్ప్ రెండు బంగారు పతకాలు గెలిచాడు. ఒకప్పుడు సెలవుల్లో నాలుగు డబ్బుల కోసం బేస్‌బాల్ ఆడాడని 1913లో వాటిని లాగేసుకున్నారు. డబ్బు తీసుకున్నవాడు స్వచ్ఛమైన ఆటగాడు కాడు అన్న సూత్రం అంత కఠినంగా ఉండేది. పతకాల్లో పూర్తి హక్కు ఆయన పేరుకు మళ్లీ దక్కింది 2022లో. అప్పటికి ఆయన పోయి దాదాపు డెబ్బై ఏళ్లు.

అదే సూత్రం రెడ్ గ్రేంజ్‌ను ఇంకోలా కాటేసింది. ఇల్లినాయ్ యూనివర్సిటీ ఆటగాడు, వేసవిలో సొంతూరు వీటన్‌లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసేవాడు. 1924 అక్టోబరు 18న కొత్త స్టేడియం ప్రారంభోత్సవానికి మిషిగన్ టీమ్ వచ్చింది. మొదటి పన్నెండు నిమిషాల్లో గ్రేంజ్ నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. ఆట మొదలయ్యే కిక్‌ను అందుకుని 95 గజాలు పరుగెత్తాడు, తర్వాత మరో మూడు పొడవాటి పరుగులు. టీవీ లేని కాలం. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు, పత్రికలు మరికాస్త పెంచి రాశాయి. దేశమంతా ఆయనకు అభిమానులు పుట్టుకొచ్చారు.

1925 నవంబరులో చివరి కాలేజీ మ్యాచ్ ముగిసీ ముగియకముందే గ్రేంజ్ షికాగో బేర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుతో ఒప్పందంపై సంతకం చేశాడు. వారం తిరక్కుండానే డబ్బు కోసం మైదానంలో దిగాడు. కాలేజీ కోచ్‌కు కోపం వచ్చింది, పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. ఆ రభస తర్వాత ప్రొఫెషనల్ జట్ల లీగ్ అయిన ఎన్ఎఫ్ఎల్ ఒక రూల్ పెట్టుకుంది: తన బ్యాచ్ చదువు పూర్తయ్యేదాకా ఏ కాలేజీ ఆటగాణ్నీ తీసుకోకూడదు. అభిమానులు తర్వాత ‘విధేయత’ అని పిలుచుకున్న దాని పునాది ఇక్కడుంది. ఆటగాళ్లు కాలేజీలో ఉండిపోయింది ప్రేమతో మాత్రమే కాదు, బయటికి వెళ్లే తలుపు మూసి ఉంది కాబట్టి.

తలుపుకు తాళం తర్వాత పడింది. 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీ ఆటగాడు రే డెనిసన్ మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో ఉండగా పోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం ఇవ్వండని ఆయన భార్య అడిగింది. 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు కుదరదంది. అతను ఉద్యోగి కాదు, కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యడం లేదు అన్నది కోర్టు మాట. ‘స్టూడెంట్-అథ్లెట్’ అనే పదాన్ని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ప్రచారంలో పెట్టింది ఆ రోజుల్లోనే. ముద్దుగా వినిపించే ఆ మాట వెనుక పరిహారం ఎగ్గొట్టే లెక్క ఉంది. నాకైతే ఈ చరిత్రలో ఇంతకన్నా చేదైన ఘట్టం లేదు.

ఇంత అన్యాయం మధ్య పుట్టినా అభిమానం మాత్రం అబద్ధం కాదు. సిరక్యూస్ ఆటగాడు ఎర్నీ డేవిస్ 1961లో హైస్మన్ గెలిచిన తొలి నల్లజాతి కుర్రాడు. ప్రొఫెషనల్ జట్లు ఏటా కొత్తవాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో మరుసటి ఏడు అందరికన్నా ముందు పిలిచింది ఆయన పేరే. ఇంతలో రక్తక్యాన్సర్ బయటపడింది. 1963 మేలో, 23 ఏళ్ల వయసులో, ఒక్క ప్రొఫెషనల్ మ్యాచ్ కూడా ఆడకుండానే పోయాడు. అందుకే డేవిస్ ఎప్పటికీ కాలేజీ ఆటగాడే, 44వ నంబర్ చొక్కాలోనే ఉండిపోయాడు.

అప్పటికి దక్షిణాది పెద్ద యూనివర్సిటీల్లో నల్లజాతి ఆటగాళ్లకు చోటే లేదు. 1970 సెప్టెంబరులో సదరన్ కాలిఫోర్నియా టీమ్ బర్మింగ్‌హామ్‌కు వచ్చి అలబామాను 42-21తో చిత్తు చేసింది. సామ్ కనింగ్‌హామ్ అనే నల్లజాతి ఆటగాడు 135 గజాలు పరుగెత్తి రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. ఆ ఒక్క రాత్రితో అలబామా మారిపోయిందని కథలు కథలుగా చెబుతారు. నిజానికి విల్బర్ జాక్సన్ అనే నల్లజాతి కుర్రాడికి అలబామా అప్పటికే స్కాలర్‌షిప్ ఇచ్చింది. మొదటి ఏడాది విద్యార్థులు ఆడకూడదన్న రూల్ వల్ల ఆ రోజు మైదానంలో దిగలేదు, అంతే.

ఆ రూల్ 1972లో పోయింది. సరిగ్గా ఆ ఏడే ఒహాయో స్టేట్‌లో చేరాడు ఆర్చీ గ్రిఫిన్. మూడు సీజన్లకు బదులు నాలుగు ఆడాడు, సీజన్ చివర జరిగే రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో నాలుగుసార్లూ మొదటి నుంచీ దిగాడు, 1974, 1975లలో వరుసగా రెండు హైస్మన్‌లు గెలిచాడు. రెండుసార్లు గెలిచింది ఇప్పటికీ ఆయనొక్కడే. తర్వాత అదే యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఒహాయో పెద్దవాళ్లు ‘మావాడు’ అనే మాటకు కొలబద్దగా పెట్టుకున్నది ఈయన్నే.

అంకెలే కొలబద్ద అయితే ఈ వాదనకు అవకాశమే లేదు. 1988లో ఓక్లహోమా స్టేట్ ఆటగాడు బ్యారీ శాండర్స్ 11 మ్యాచ్‌లలో 2,628 గజాలు పరుగెత్తాడు. సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌ను అప్పట్లో లెక్కలో కలిపేవారు కాదు. అందులోనూ మరో 222 గజాలు ఉన్నాయి. అంతకన్నా గొప్ప సీజన్ చూపించమంటే ఎవరికైనా కష్టమే. అయినా ఎక్కువమంది కళ్లలో మెదిలేది బోస్టన్ కాలేజీ ఆటగాడు డగ్ ఫ్లూటీ విసిరిన ఒకే ఒక్క బంతి.

దానికి కోర్టు కూడా ఓ కారణం. ఏ కాలేజీ మ్యాచ్‌లు ఎన్ని టీవీలో రావాలో అప్పటిదాకా ఎన్‌సీఏఏ గుప్పిట్లో ఉండేది. 1984 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2తో ఆ పెత్తనాన్ని కొట్టేసింది. ఐదు నెలలు తిరిగేసరికి, థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, దేశమంతా ఇళ్లలో టీవీ ముందు ఉండగా, బోస్టన్ కాలేజీ మయామీ చేతిలో 45-41తో వెనకబడి ఉంది. ఆరు సెకన్లు మిగిలాయి. ఆరడుగులు కూడా లేని ఫ్లూటీ అరవై గజాలకు పైగా బంతి విసిరాడు, జట్టు సహచరుడు జెరార్డ్ ఫెలన్ గీత దాటి పట్టుకున్నాడు. 47-45. బోస్టన్ వాళ్లే కాదు, బోస్టన్ ఎక్కడుందో తెలియనివాళ్లూ ఆయన అభిమానులైపోయారు.

టీవీతో పాటు వందల కోట్ల డాలర్లు వచ్చాయి. కోచ్‌లకు పోయాయి, స్టేడియాలకు పోయాయి. ఆటగాడి వాటా స్కాలర్‌షిప్ దగ్గరే ఆగింది. 2010లో జార్జియా ఆటగాడు ఏజే గ్రీన్ తన సొంత మ్యాచ్ జెర్సీని వెయ్యి డాలర్లకు అమ్ముకున్నాడని నాలుగు మ్యాచ్‌లు నిషేధించారు. ఆయన వేసుకునే 8వ నంబర్ జెర్సీలు మాత్రం యూనివర్సిటీ షాపులో దర్జాగా అమ్ముడవుతూనే ఉన్నాయి. అదే ఏడాది రెజీ బుష్, కాలేజీలో ఉండగా తన కుటుంబం బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకుందన్న కేసు ముదిరాక, 2005 హైస్మన్‌ను వదులుకున్నాడు. సదరన్ కాలిఫోర్నియా అభిమానులు మాత్రం బుష్‌ను ఒక్కరోజూ వదులుకోలేదు.

2021లో గేట్లు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. జూన్‌లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా ఎన్‌సీఏఏను తప్పుపట్టారు. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోల మీద డబ్బు సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న శిక్ష కూడా ఆ ఏడే సడలింది. 2024 ఏప్రిల్‌లో బుష్‌కు ట్రోఫీ తిరిగిచ్చారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలు నేరుగా ఆటగాళ్లకు చెల్లించడం మొదలైంది. ఒక్కో యూనివర్సిటీకి తొలి ఏడాది పరిమితి సుమారు రెండు కోట్ల ఐదు లక్షల డాలర్లు.

ఈ మార్పు మొత్తం ఒకేచోట చూడాలంటే కొలరాడో యూనివర్సిటీకి వెళ్లాలి. 1994లో అక్కడి రషాన్ సలామ్ 2,055 గజాలు పరుగెత్తి, ఆ యూనివర్సిటీకి తొలి హైస్మన్ తెచ్చాడు. ఆయన 19వ నంబర్‌ను ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవించింది 2017లో, అప్పటికి ఆయన చనిపోయాడు. ట్రావిస్ హంటర్ జాక్సన్ స్టేట్ నుంచి వచ్చి కొలరాడోకు రెండు సీజన్లు ఆడాడు, 2024 డిసెంబరులో రెండో హైస్మన్ తెచ్చాడు. నాలుగు నెలల్లో, 2025 ఏప్రిల్‌లో, ఆయన 12వ నంబర్‌నూ, కోచ్ కొడుకు షెడ్యూర్ శాండర్స్ 2వ నంబర్‌నూ కలిపి అలాగే గౌరవించారు. హంటర్ సంగతి సరే, శాండర్స్ 2వ నంబర్ మాటేమిటని కొలరాడో పాత అభిమానులు ఇంకా గొణుక్కుంటున్నారు.