షుగర్ అంకె బాగుంటే సరిపోతుందా? పెద్ద రక్తనాళాలపై అపోహలు – వాస్తవాలు

అపోహ: "షుగర్ కంట్రోల్లోనే ఉంది, ఇంక భయం లేదు."

కావలిలో నా దగ్గరికొచ్చే చాలామంది రిపోర్టు బల్ల మీద పెట్టి అనే మాట ఇది. కళ్లకు, కిడ్నీలకు వెళ్లే సన్న నాళాల విషయంలో చాలావరకు నిజమే. గుండె, మెదడు, కాళ్లకు వెళ్లే పెద్ద ధమనులకు ఆ ఒక్క అంకె చాలదు. వాటి లోపలి పొర దెబ్బతిని, కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది. ఈ పనిలో షుగర్‌కు బీపీ, చెడు కొలెస్ట్రాల్, పొగతాగే అలవాటు తోడవుతాయి. బ్రిటన్‌లో షుగర్ పేషెంట్ల మీద 1977లో మొదలైన యూకేపీడీఎస్ అనే పెద్ద అధ్యయనంలో బీపీని గట్టిగా అదుపు చేసినవాళ్లలో పక్షవాతం 44 శాతం తగ్గింది. షుగర్ అదుపు వల్ల గుండెపోట్లు తగ్గాయని తేలడానికి మాత్రం 2008 దాకా ఆగాల్సి వచ్చింది.

అపోహ: "కొలెస్ట్రాల్ నార్మలే, మాత్ర ఎందుకు?"

నలభై దాటిన షుగర్ పేషెంట్లకు రిపోర్టు బాగున్నా, పెద్ద నాళాలను కాపాడటానికి సాధారణంగా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ఇస్తాం. దయచేసి మీ అంతట మీరు ఆపకండి.

అపోహ: "గుండెపోటైతే ఛాతీలో నొప్పి రావాలి కదా!"

ఏళ్ల తరబడి షుగర్ ఉంటే నరాలు మొద్దుబారతాయి. నొప్పే లేకుండా చెమటలు, ఆయాసం, ఒక్కసారిగా నీరసం రావచ్చు. గ్యాస్ అనుకొని సోడా తాగి పడుకుని, తెల్లారాక వచ్చినవాళ్లను చూశాను. అలా ఆలస్యమైన ఆ ఒక్క రాత్రే నన్ను బాధపెడుతుంది.

అపోహ: "కాళ్లు పీకడం వయసు వల్లే."

టంగుటూరు వైపు నుంచి ఒక పొగాకు రైతు వచ్చారు. "గట్టు మీద వంద అడుగులేస్తే పిక్కలు పట్టేస్తా ఉండాయి సార్, నిలబడితే తగ్గిపోతా ఉండాది" అన్నారు. ఆ మాటలోనే జబ్బు ఉంది. నడిచేటప్పుడు కండకు కావాల్సినంత రక్తం అందడం లేదు. కుడి పాదం చల్లగా, వెంట్రుకలు రాలి నున్నగా ఉంది. పాదం పైన నాడి కోసం వేళ్లు పెట్టి ఎంతసేపు వెతికినా తగల్లేదు. వేళ్ల సందున చెప్పు ఒరిసిన పుండు, రెండు నెలలుగా మానలేదట. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ రాకూడదు, ఆయనకు 0.6 వచ్చింది. చుట్ట మానేయమని చెప్పి, మందులు రాసి, రక్తనాళాల సర్జన్ దగ్గరికి పంపాను. పుండు మానింది, వేలు దక్కింది.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు చెప్పులు విప్పి, పాదం నాడి కూడా చూడమని మీ డాక్టరును అడగండి.