వెన్నుకు దెబ్బ తగిలితే కళ్లెందుకు తిరుగుతాయి?

మునుగోడు,
వైశాఖ మాసం

చిరంజీవులు చిట్టికి, బాబుకు తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, మొన్న నువ్వడిగింది ఫోనులో తేలే సంగతి కాదు. "మామయ్య తాటిచెట్టు మీంచి పడినప్పుడు దెబ్బ తగిలింది వెన్నుకు కదా తాతయ్యా, తలకు కాదు కదా! మరి కూర్చోబెట్టగానే కళ్లెందుకు తిరుగుతాయి?" అన్నావు. బాగా అడిగావు. పడుకున్నంతసేపూ మీ మామయ్య అందరినీ నవ్విస్తాడు. చక్రాల కుర్చీలోకి దించిన రెండు నిమిషాలకే పెదవులు పాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, తల పక్కకు వాలుతుంది. బీపీ చూస్తే 110 ఉన్న పై అంకె 75కు దిగి ఉంటుంది.

మన చెరువు కింద పొలాలు చూశారుగా. నా చిన్నతనంలో ఆ నీళ్ల పెత్తనమంతా నీరటిది. నీళ్ల గుణం పల్లానికి పోవడం. కింది మడవలు తెరిచి వదిలేస్తే మీది మడి ఎండుతుంది. మీది మడి రైతు గట్టు మీద నిలబడి కేకేస్తే నీరటి మోకాలి లోతు బురదలో దిగి, పారతో రెండు మట్టిపెళ్లలు తీసి మడవకు అడ్డం వేసి, మడమతో తొక్కేవాడు. కేక వినపడనంత దూరమైతే మా నాన్న నన్ను పరుగెత్తించేవాడు. ఆ వంకతో బడి ఎగ్గొట్టిన రోజులు కూడా ఉన్నాయి, అది మీకెందుకులే.

మన ఒంట్లోనూ అంతే. లేచి నిలబడితే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, కడుపులోకి జారుతుంది. మీది మడి అంటే మెదడే. మెడలోని పెద్ద రక్తనాళాల గోడల్లో కాపలా నరాలున్నాయి. ఒత్తిడి తగ్గిందని అవి మెదడుకు చెబుతాయి, మెదడు వెన్నుపాము గుండా కిందికి కబురంపుతుంది, కింది రక్తనాళాలు బిగుసుకుంటాయి. ఇదంతా కొన్ని సెకన్ల పని. మామయ్యకు దెబ్బ భుజాల నడుమ తగిలింది. చేతులు బాగానే ఉన్నాయి కానీ, కబురు వెళ్లే దారి అక్కడే తెగింది. నీరటి బతికే ఉన్నాడు, పార చేతిలోనే ఉంది, కేక మాత్రం చేరడం లేదు. నడుం దగ్గర దెబ్బ తగిలిన వాళ్లకు ఈ బాధ తక్కువ, ఎందుకంటే చాలా కబుర్లు ఆపాటికే దారి దిగిపోయి ఉంటాయి.

ఇంకో చిక్కుంది. మూత్రాశయం నిండిపోతే ఈ నీరటి ఎవరూ చెప్పకుండానే అన్ని మడవలూ బిగించేస్తాడు. బీపీ ఒక్కసారిగా పెరిగి తల పగిలిపోతున్నట్టు ఉంటుంది. అప్పుడు పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టి మూత్రం గొట్టం మడతపడిందేమో చూడాలి. వెంటనే అత్తయ్యను పిలవండి.

కళ్లు తిరగడానికి ఇన్నాళ్లూ కడుపుకు పట్టీ, కాళ్లకు బిగుతు మేజోళ్లు, ఉప్పు, నీళ్లు, డాక్టరు రాసిన మాత్రలు, మెల్లమెల్లగా లేపడం. ఇప్పుడు కరెంటుతో ఒక దారి వెతుకుతున్నారు. 2021లో స్విట్జర్లాండ్, కెనడా శాస్త్రవేత్తలు ఎలుకల్లో, కోతుల్లో, తర్వాత ఒక మనిషిలో చూసిందేమిటంటే, రక్తనాళాలను బిగించే పట్టు ఎక్కువగా ఉన్నది ఛాతీ దిగువ భాగపు వెన్నుపాములో అని. అక్కడ వెన్నుపాము పై పొర మీద ఒక పట్టీ, చర్మం కింద దానికి కరెంటిచ్చే చిన్న పెట్టె పెడతారు. ఆ కరెంటు తెగిన దారిని అతకదు. నీరటి పక్కనే ఒక మనిషిని నిలబెట్టి, "ఇక కట్టు" అని చెప్పించడం లాంటిది. 2025లో పద్నాలుగు మంది మీద చేసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. బీపీ నిలబడింది.

ఏళ్ల తరబడి పైనుంచి ఒక్క మాటా వినని నరాలు, చిటికెడు కరెంటు తగలగానే తమ పని గుర్తు తెచ్చుకుని చేస్తాయంటే ఎలా చేస్తాయో నేను విడమరచలేను. వింటూ నోరు తెరుచుకుని కూర్చున్నాను.

అయితే ఇది ఇంకా పరీక్షల దశలోనే ఉంది. వీడియోలు చూసి మామయ్యకు ఆశలు పెట్టకండి. వెన్నుకు కరెంటు పట్టిస్తామని వచ్చే వాళ్లను గుమ్మంలోనే ఆపండి. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మామయ్య పడింది అంతకు ముందే, ఒక్క మోకును నమ్ముకుని. మీ ఊళ్లో ఎవరైనా కిట్టును దూలానికి వేలాడదీసి చెట్టెక్కుతుంటే, చిన్నపిల్లలమని సంకోచించకుండా అడగండి.

సెలవులకు వచ్చినప్పుడు మామయ్య తల వాలిస్తే చంకల్లో చేతులు పెట్టి పైకి లాగకండి. పెద్దవాళ్ల సాయంతో కుర్చీని వెనక్కి వంచి కాళ్లు ఎత్తి పట్టండి. తేరుకుంటాడు.

ఈలోగా ఒక పని చేయండి. అయిదు నిమిషాలు పడుకుని మణికట్టు దగ్గర నాడి అర నిమిషం లెక్కపెట్టండి. మెడ నొక్కవద్దు. తర్వాత లేచి నిలబడి, ఆ వెంటనే మళ్లీ లెక్కపెట్టండి. రెండు అంకెలూ రాసి పంపండి. మామయ్య నాడి కూడా లేపగానే వేగం అందుకుంటుంది, ఎందుకంటే గుండెకు వెళ్లే ఒక నరం వెన్నుపాము దారిన పోదు, తలలోంచి మెడ గుండా నేరుగా దిగుతుంది. ఆయన అంకెలు నేను రాసి పంపుతాను, పక్కపక్కన పెట్టి చూడండి.

మీ తాతయ్య