డబ్బులిచ్చాక బొమ్మ ఎవరిది? ఫ్రీలాన్స్ బొమ్మల పనిలో అపోహలు, వాస్తవాలు

పుస్తకాలకు బొమ్మలు వేస్తూ, ముఖచిత్రాలూ లోగోలూ ప్యాకెట్ల డిజైన్లూ చేసుకుంటూ బతికే మాలాంటివాళ్లకు వచ్చే ఫోన్లలో చాలావరకు కొత్త పని గురించి కాదు, పని అయిపోయాక మొదలైన గొడవల గురించే. ఒకరు ప్రచురణకర్త: “డబ్బులు ఇచ్చేశాం కదండీ, ఇక బొమ్మ మాదే కదా, మాకు కావాల్సినట్టు వాడుకుంటాం.” ఇంకొకరు ఫైన్ ఆర్ట్స్ చదివి నిన్నగాక మొన్న పనిలోకి దిగిన అమ్మాయి: “గీసింది నేను కదక్కా, హక్కులు నావే కదా?” ఇద్దరూ ఒకే ధీమాతో చెప్తారు. ఏమైనా రాసుకున్నారా అని అడిగితే మాత్రం ఇద్దరి దగ్గరా ఉండేది ఒకటే, వాట్సాప్‌లో “ఓకే అండి, మొదలుపెట్టండి” అన్న మెసేజ్.

మా రంగం గురించి అపోహలు బోలెడు ఉన్నాయి. కానీ మనుషులకి నిజంగా డబ్బు నష్టం తెచ్చేదీ నిద్ర లేకుండా చేసేదీ ఇదే కాబట్టి, ముందు దీని సంగతే వివరంగా చెప్తాను.

అపోహ: “నేను గీశాను కాబట్టి, ఏమీ రాసుకోకపోయినా హక్కు నాదే.”

ఇది ఎక్కువగా యూట్యూబ్ నుంచి వస్తోంది. అమెరికా ఆర్టిస్టుల వీడియోలు చూసి అదే మనకూ వర్తిస్తుందనుకుంటున్నారు. అక్కడ ఫ్రీలాన్సరు సంతకం పెట్టి ఇవ్వనంతవరకు హక్కులు దాదాపుగా గీసినవాళ్ల దగ్గరే ఉంటాయి. మనం పనిచేసేది 1957 నాటి భారత కాపీరైట్ చట్టం కింద. అందులో 17వ సెక్షన్ మొదటి మాట బాగానే ఉంటుంది, రచన ఎవరిదైతే మొదటి హక్కుదారు వాళ్లే అంటుంది. అందరూ అక్కడితో చదవడం ఆపేస్తారు. దాని కిందే మినహాయింపులు ఉన్నాయి. ఎవరైనా అడిగి, డబ్బిచ్చి, ఒక పెయింటింగో పోర్ట్రెయిటో వేయించుకున్నా, ఫొటో తీయించుకున్నా, వేరేగా ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. మీరు కాదు. పెళ్లిరోజుకి ఇవ్వడానికి దంపతుల బొమ్మ వేయించుకున్నవాళ్లు దాన్ని మగ్గుల మీద అచ్చు వేయించుకుంటే, ముందు ఏమీ అనుకోనప్పుడు మీరు చేయగలిగింది చాలా తక్కువ.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అదే చట్టం కళాకృతి అంటే ఏమిటో చెప్పేచోట పెయింటింగునీ డ్రాయింగునీ వేర్వేరుగా పేర్కొంది. పైన చెప్పిన మినహాయింపులో పెయింటింగ్ ఉంది, పోర్ట్రెయిట్ ఉంది, డ్రాయింగ్ అన్న మాట లేదు. మరి ఐప్యాడ్ మీద గీత గీసి రంగులు నింపిన కథ బొమ్మ ఏ లెక్కలోకి వస్తుంది? లోగో సంగతేమిటి? ఇటు వాదించే వకీలూ దొరుకుతారు, అటు వాదించే వకీలూ దొరుకుతారు. ఒక కథ బొమ్మకి వచ్చే పారితోషికంతో ఆ వాదన కోర్టులో నడిపించగలిగేవాళ్లు మనలో ఎవరున్నారు చెప్పండి? కాబట్టి నాదే, నీదే అని ఫోన్లో అరుచుకోవడం కంటే ముందే రాసుకోవడం మంచిదని అంటున్నాను.

నెలజీతం మీద పనిచేసేవాళ్ల లెక్క మళ్లీ వేరు. ఉద్యోగంలో భాగంగా వేసిన బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, హక్కుదారు యజమాని. చందమామలో శంకర్ గారు 1952లో చేరి దశాబ్దాల తరబడి బొమ్మలు వేశారు, అది ఉద్యోగం. ఒక్కో కథకి ఇంత అని తీసుకుని ఇంటి నుంచి వేసి పంపే మన పరిస్థితి అది కాదు. ఈ తేడా తెలియక “పెద్ద పెద్ద ఆర్టిస్టులకే హక్కులు లేవు, మనకెక్కడివి” అని నీరుగారిపోయేవాళ్లని చూస్తే నాకు బాధ. ఉద్యోగంలో ఉన్నంత మాత్రాన అంతా పోతుందనీ కాదు. కేరళ కార్టూనిస్టు టోమ్స్, తాను బోబన్, మోలీ పాత్రలతో బొమ్మలు వేసిన పత్రికను వదిలి బయటికి వస్తే, ఆ పాత్రలు మావంటూ పత్రిక కోర్టుకెక్కింది. 1980లలో కేరళ హైకోర్టు ఆయన వైపే నిలిచింది, ఉద్యోగంలో చేరకముందే పుట్టించుకున్న పాత్రలతో బయట కొత్త బొమ్మలు వేసుకోకుండా ఆపలేరంది. కొలువులో ఉండగా వేసిన బొమ్మల సంగతి వేరు. మీకంటూ ఒక పాత్ర ఉంటే, దాన్ని ఎప్పుడు పుట్టించారో తేదీలతో సహా స్కెచ్‌బుక్కు దాచుకోండి.

ఇక అటువైపు అపోహ: “పూర్తి డబ్బు ఇచ్చాం కాబట్టి సర్వహక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా మావే.”

బొమ్మ మీద హక్కు ఆర్టిస్టు దగ్గర ఉందనుకుంటే, అది వేయించుకున్నవాళ్లకు బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఏ బొమ్మ, ఏ హక్కులు, ఎన్నాళ్లు, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం, ఇవన్నీ అందులో ఉండాలి. ఎన్నాళ్లో రాయకపోతే 5 ఏళ్లే అని చట్టం అనుకుంటుంది. ఎక్కడో రాయకపోతే భారతదేశం వరకే. బదిలీ చేయించుకుని ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోనప్పుడు, ఆ హక్కు రద్దైపోతుంది. అమెరికాలో ఉండే తెలుగు పిల్లల కోసం పుస్తకం తెస్తున్న మిత్రులకు ఈ “భారతదేశం వరకే” అన్న మాట చూపిస్తే ఉలిక్కిపడ్డారు, ఎందుకంటే వాళ్లు అమ్ముకునేదంతా డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ.

ఒక అమ్మాయి కథ చెప్తాను, ఎందుకంటే ఇలాంటిదే ఇంకోటి ఈ నెలలో కూడా విన్నాను. పిల్లల పుస్తకానికి జంతువుల బొమ్మలు వేసింది, చాలా శ్రద్ధగా, ఒక్కో నెమలి ఈకకీ పొద్దుపోయేదాకా కూర్చుని. డబ్బులు వచ్చాయి, పుస్తకం వచ్చింది, ఇంట్లో అందరికీ చూపించుకుంది. తర్వాత ఒకరోజు వాళ్ల ఊళ్లో స్టేషనరీ షాపులో తన జంతువులే అక్షరమాల చార్టు మీద కనిపించాయి, ఆ తర్వాత నోటుపుస్తకాల అట్టల మీద. ఫోన్ చేస్తే “మేం కొన్న బొమ్మలే కదమ్మా” అన్నారట. నాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్లకి టెన్షన్, గట్టిగా అడిగితే ఇంకెవరూ పని ఇవ్వరేమోనని. తను అడిగిన డబ్బు ఎంతో కాదు, చార్టు మీద కనీసం పేరు వేసి ఉంటే చాలనుకుంది. కాగితం లేదు కాబట్టి చివరికి ఒక ఉత్తరం రాయించాను, పేరు వేస్తామన్నారు, డబ్బు మాత్రం రాలేదు. మొదట్లోనే “ఈ పుస్తకం తెలుగు ముద్రణల వరకు” అని మెయిల్లో ఒక్క ముక్క ఉండుంటే ఆ సంభాషణే వేరుగా ఉండేది.

వేయించుకున్నవాళ్ల భయమూ నాకు తెలుసు. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఒకావిడ, లోగో చేసిన కుర్రాడు “వ్యాపారం పెరిగింది కాబట్టి ఇంకా డబ్బు ఇవ్వండి, లేకపోతే లోగో తీసేయండి” అన్నాడని ఏడుస్తూ ఫోన్ చేసింది. వేల లేబుళ్లు అచ్చయి ఉన్నాయి. ఇలాంటి బెదిరింపుని నేను సమర్థించను. లోగో లాంటి పనుల్లో పూర్తి హక్కులు రాసివ్వడమే పద్ధతి, దానికి తగ్గ ధర ముందే చెప్పాలి. వ్యాపారం చేసుకునేవాళ్లూ ఒక్క పేజీ కాగితం మీద సంతకం అడిగి తీసుకోండి, మంచి డిజైనరెవరూ దానికి నొచ్చుకోరు. పేరుకి, గుర్తుకి రక్షణ కావాలంటే ట్రేడ్‌మార్క్ వేరేగా చేయించుకోవాలి. బ్రాండు పేరు కాపీరైట్ కిందికి రాదు.

ఇంకో మాట. హక్కులన్నీ రాసిచ్చేశాక కూడా గీసినవాళ్ల దగ్గర మిగిలేవి కొన్ని ఉన్నాయి. 57వ సెక్షన్ ప్రకారం అది నా బొమ్మ అని చెప్పుకునే హక్కు, నా గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనతో చెప్పకుండా ఊడదీశారు, ముక్కలైంది. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన భాగాలు ఆయనకే తిరిగి ఇమ్మని, 5 లక్షల పరిహారం కట్టమని తీర్పిచ్చింది. అవతల ఉన్నది కేంద్ర ప్రభుత్వం. “మాది చిన్న బొమ్మే కదా” అనుకునేవాళ్ల కోసం ఈ కేసు గుర్తు చేస్తున్నాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

“ఓపెన్ ఫైల్ ఇచ్చారంటే హక్కులు ఇచ్చినట్టే.” కాదు. ఓపెన్ ఫైల్ అంటే మార్పులు చేసుకోగలిగే అసలు ఫైలు. ఆ కోరల్‌డ్రా ఫైలు చేతికి రావడం వేరు, దాన్ని మార్చి ఇంకోచోట వాడుకునే హక్కు వేరు. ప్రదర్శనలో అమ్మకానికి పెట్టిన పెయింటింగ్ కొన్నవాళ్లు గోడకు తగిలించుకోవచ్చు, క్యాలెండర్ అచ్చేయించుకోకూడదు, ఇదీ అంతే.

“20 శాతం మారిస్తే కాపీ కాదు.” ఈ అంకె ఎవరు పుట్టించారో గానీ డీటీపీ సెంటర్ల నుంచి డిజైన్ కాలేజీల దాకా పాకింది. చట్టంలో ఏ శాతమూ లేదు. బొమ్మలో ముఖ్యమైన భాగం తీసుకున్నారా లేదా అన్నదే చూస్తారు. రంగు మార్చి, అద్దంలో తిప్పినట్టు తిప్పి పెడితే అది కొత్త బొమ్మ అయిపోదు.

“దేవుడి బొమ్మకి కాపీరైట్ ఏమిటండీ?” వెంకటేశ్వరస్వామి రూపం ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ ఒక చిత్రకారుడు వేసిన ఆ ప్రత్యేకమైన చిత్రానికి హక్కు ఉంటుంది. అది ఆయన బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు. రాజా రవివర్మ 1906లో పోయారు, ఆయన చిత్రాలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. వడ్డాది పాపయ్య గారు 1992లో పోయారు, అంటే 2052 చివరిదాకా. బాపు గారు 2014లో, అంటే 2074 చివరిదాకా. నెట్‌లో దొరికింది కదా అని బాపు బొమ్మ శుభలేఖ మీద వేసి అమ్మే షాపులవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. ఆ ఒరవడిలో మీ సొంత బొమ్మ వేసుకుంటే అడ్డేమీ లేదు, శైలి మీద కాపీరైట్ ఉండదు.

“రిజిస్టర్ చేయించకపోతే కాపీరైట్ లేదు.” ఉంది. గీసిన క్షణం నుంచే ఉంది. రిజిస్ట్రేషన్ ఒక సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే.

“నెట్‌లో దొరికిన ఫాంట్లన్నీ ఫ్రీ.” లైసెన్సు చదవండి. తెలుగులో రామభద్ర, మండలి, సూరన్న లాంటివి ఓపెన్ లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, లోగోలో నిశ్చింతగా వాడుకోవచ్చు. ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన ఫాంటుతో కంపెనీ లోగో చేసి ఇస్తే రేపు ఇరుక్కునేది మీ క్లయింటే.

“టీడీఎస్ పట్టుకున్నారు, ఆ డబ్బు పోయింది.” పోలేదు. టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవాళ్లు ముందే మినహాయించి ప్రభుత్వానికి కట్టే ఆదాయపన్ను. అది మీ పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. చిన్న ఆదాయమే కదా అని రిటర్న్ వేయని పిల్లలు ఏటా వదిలేసుకుంటున్న డబ్బు ఇది.

“బిల్లు ఎప్పుడిస్తే అప్పుడు తీసుకోవాలి, ఫ్రీలాన్సర్లకి దిక్కు లేదు.” ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే నమోదు, ఉచితం, డబ్బులడిగే ఏజెంట్లను నమ్మకండి. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదై ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం మీకు ఇవ్వాల్సిన డబ్బు, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి 3 రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. నమోదు పని మొదలుపెట్టకముందే అయి ఉంటే మంచిది, గొడవయ్యాక చేయించుకుంటే పాత బిల్లుకి ఆసరా దొరకడం కష్టం.

చివరగా, పై అపోహలన్నిటికంటే లోతుగా పాతుకున్నది ఒకటుంది: “ఇవన్నీ అడిగితే పని పోతుంది.” ఇది అడగడానికే భయపడే పిల్లలు నాకు రోజూ కనిపిస్తారు, వాళ్లని తప్పు పట్టను, అద్దె కట్టాల్సిన నెలలో ఎవరికైనా గొంతు పెగలదు. కానీ నా అనుభవంలో, మొదట్లోనే మర్యాదగా రాసి పంపితే చాలామంది ప్రచురణకర్తలు మారుమాట లేకుండా ఒప్పుకుంటారు. కొందరైతే “ఇది ముందే ఎవరూ చెప్పలేదండీ” అంటారు. నా షరతులు చూసి పని ఇవ్వకుండా మానుకున్నవాళ్లు, తర్వాత డబ్బు కూడా సరిగ్గా ఇచ్చేవాళ్లు కాదని వేరేవాళ్ల దగ్గర విన్నాను. నేను పంపేది ఇంతే, కావాలంటే తీసుకోండి:

“నమస్కారం అండి. ఈ బొమ్మలు ఫలానా పుస్తకం తెలుగు ముద్రణ, ఈబుక్ కోసం, 5 ఏళ్ల వరకు, అన్ని దేశాల్లో వాడుకోవచ్చు. చార్టులు, నోటుపుస్తకాలు, ఇతర భాషలు, వస్తువుల మీద వాడాలంటే విడిగా మాట్లాడుకుందాం. కాపీరైట్ నా దగ్గరే ఉంటుంది, పుస్తకంలో బొమ్మల కింద నా పేరు వేయాలి. రెండుసార్ల వరకు మార్పులు ఇందులోనే, ఆ పైన విడిగా. సగం అడ్వాన్సు, మిగతాది ఫైనల్ ఫైళ్లు పంపేముందు. సరేనంటే ఈ మెయిల్‌కి జవాబు ఇవ్వండి, మొదలుపెడతాను.”

రఫ్ స్కెచ్ కంటే ముందు ఇది వెళ్లాలి. పూర్తి హక్కులు కావాలని వాళ్లు అడిగితే కోపం తెచ్చుకోకండి, దానికి వేరే ధర చెప్పి, సంతకాలతో కాగితం రాసుకోండి.