పట్టుబడిన యురేనియం తన ఊరు చెబుతుందా? అణు ఫోరెన్సిక్స్‌పై అపోహలు - వాస్తవాలు

దొంగ రవాణాలో పట్టుబడిన అణుపదార్థం ఎప్పటిది, ఎక్కడ తయారైంది, ఎవరి కాపలా నుంచి జారిపోయింది? ల్యాబ్‌లో వీటికి జవాబు వెతకడమే అణు ఫోరెన్సిక్స్, అదే మా పని. ఈ పని గురించి నేను తరచూ వినే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: మెషీన్‌లో పెడితే ఏ దేశపు యురేనియమో తెలిసిపోతుంది.

వాస్తవం: అలా తెలియదు. 1999 మేలో బల్గేరియాలోని రూసె సరిహద్దు దగ్గర కస్టమ్స్ వాళ్లు ఒక కారు ఆపారు. అందులో టైర్లకు గాలి కొట్టే పంపు, దాని లోపల సీసపు డబ్బా, డబ్బాలో పసుపు మైనం, మైనం మధ్య గాజు గొట్టం. గొట్టంలో సుమారు 4 గ్రాముల యురేనియం ఉంది. దాన్ని అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ పరీక్షించింది. అణుచర్యకు పనికొచ్చే రకమైన యురేనియం-235 దాదాపు 73 శాతం తేలింది. యురేనియం-236 అనే మరో రకం కూడా ఎక్కువగానే ఉంది. అది రియాక్టర్‌లో పుట్టేది కాబట్టి, వాడేసిన ఇంధనం నుంచి శుద్ధి చేసి తీసిన సరుకని అర్థమైంది.

నాకు బాగా ఇష్టమైన భాగం వయసు లెక్క. యురేనియంలోనే ఉండే ఇంకో రకం, యురేనియం-234, మెల్లగా థోరియం-230 అనే వేరే మూలకంగా మారుతూ ఉంటుంది. శుద్ధి చేసినప్పుడు థోరియం పోతుంది, మళ్లీ మొదటి నుంచి పోగవుతుంది. ఎంత పోగైందో కొలిస్తే శుద్ధి చేసిన కాలం బయటపడుతుంది. ఇక్కడ అది 1993 అని వచ్చింది. మైనాన్ని, దాంతో పాటు దొరికిన కాగితాన్ని, సీసాన్ని కూడా పరీక్షించకుండా వదల్లేదు. ఇంత చేసినా ఫలానా ప్లాంటుదని రుజువు చేయలేకపోయారు. పోల్చి చూడటానికి ఆ ప్లాంటు నమూనా చేతిలో ఉండాలి కదా!

అపోహ: అన్ని దేశాల వివరాలూ వియన్నాలో ఒకేచోట ఉంటాయి.

వాస్తవం: అక్కడి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1995 నుంచి నిర్వహిస్తున్నది అణుపదార్థాల దొంగ రవాణా లాంటి సంఘటనల డేటాబేస్. పదార్థాల లక్షణాల రికార్డును మాత్రం ఏ దేశానిది ఆ దేశమే దాచుకుంటుంది. భద్రత, వ్యాపార రహస్యాలు ఉంటాయి మరి. వేరే దేశం అడిగినప్పుడు తమ రికార్డులో వెతికి ‘మాది కాదు’ అని నమ్మకంగా చెప్పగలిగితే అదే పెద్ద సాయం.

అపోహ: బాంబులున్న దేశాలకే ఇది అవసరం.

వాస్తవం: 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కు దుకాణానికి చేరిన కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం ఒకరి ప్రాణం తీసింది. అది బాంబు సరుకు కాదు, బాంబుల్లేని దేశాల్లోనూ వాడేదే. అది ఎక్కడిదో అప్పుడు వెతకాల్సి వచ్చింది.

అపోహ: పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే ఖరీదైన మెషీన్, మాస్ స్పెక్ట్రోమీటర్, ఇస్తే ల్యాబ్ తయారైనట్టే.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒక ల్యాబ్‌లో కొత్త మెషీన్ మీద ముసుగు కప్పి ఉండటం కళ్లారా చూశాను. శిక్షణ పొందిన ఒకే ఒక్క మనిషి వెళ్లిపోయారు, తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ రాలేదు. నిజమైన కేసులు ఏళ్ల తరబడి రాకపోవచ్చు, చేతికి అలవాటు తప్పిపోతుంది. అందుకే ఐటీడబ్ల్యూజీ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకే పదార్థాన్ని వేర్వేరు దేశాల ల్యాబ్‌లకు పంపి పరీక్ష పెడుతుంది. 24 గంటల్లో ఒక రిపోర్టు, వారం లోపు ఇంకొకటి, రెండు నెలల లోపు మరొకటి ఇవ్వాలి. ఆ మొదటి 24 గంటల టెన్షన్‌లో కొత్తగా చేరినవాళ్లు నేర్చుకున్నంత వేగంగా ఏ క్లాసురూములోనూ నేర్చుకోరు. తర్వాత అందరూ కూర్చుని ఎవరి అంకె ఎందుకు తేడా వచ్చిందో మాట్లాడుకుంటారు. నా దృష్టిలో ముందు డబ్బు కేటాయించాల్సింది ఆ చర్చకే.