మచ్చ పక్కన ఉండే పన్ను

పిల్లలూ,

మొన్న మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో రెండో తరగతి చదివే పాప ఒకతి నా మొహంకేసి అదేపనిగా చూసి, "తాతయ్యా, మీకూ నాలాగే కుట్లు పడ్డాయా?" అని అడిగింది. పడ్డాయమ్మా అన్నాను. నా పై పెదవి మీద ముక్కు దాకా ఒక గీత ఉంది. యాభై ఏళ్ళుగా మీసం చాటున దాస్తున్నా, పిల్లల కళ్ళకి దొరికిపోతూనే ఉంటుంది. దిగేముందు పాప ఇంకో మాట చెప్పింది. "కుట్ల దగ్గర పన్ను నేను తోమను. నొప్పేస్తుందేమోనని భయం." ఆ మాట కోసమే ఈ ఉత్తరం.

మాకున్నదాన్ని ఊళ్ళో గ్రహణం మొర్రి అంటారు. గ్రహణం రోజు మా అమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగిందని నాయనమ్మ పోయేదాకా దెప్పుతూనే ఉంది. పాపం అమ్మ! కడుపులో బిడ్డ పై పెదవి రెండు పక్కల నుంచీ వచ్చి అతుక్కుంటుంది. నాలుగో వారం నుంచి ఏడో వారం లోపల ఆ పని అయిపోతుంది. అంగిలి ఇంకాస్త ఆలస్యంగా అతుక్కుంటుంది. కొందరికి ఆ అతుకు సరిగా పడదు. అందులో చంద్రుడి తప్పూ లేదు, వంకాయ తప్పూ లేదు.

చీలిక చిగురు దాకా వెళ్తే అక్కడి పన్నుకి తిప్పలే. కొందరికి అది అసలు రాదు, కొందరికి మేకులా సన్నగా వస్తుంది, కొందరికి ఒకటికి రెండు వస్తాయి. వచ్చింది కూడా పక్కకి తిరిగి ఉంటుంది. పైనుండే గట్టి పొర, ఎనామిల్, పల్చగా ఉండొచ్చు. కుట్లు మానిన పెదవి బిగుసుకుని ఉంటుంది కాబట్టి బ్రష్ దాని కిందికి దూరదు. మెతుకు ఇరుక్కుంటే అక్కడే ఉండిపోతుంది.

పంటికి పురుగు పట్టిందంటారు గానీ, పురుగంటూ ఏదీ ఉండదు. నోట్లో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని తిని ఆమ్లం వదులుతాయి. అది ఎనామిల్‌ని కరిగిస్తుంది. లాలాజలం వచ్చి దాని పొగరు అణచడానికి అరగంటో, ఇంకాసేపో పడుతుంది. ఐదు చాక్లెట్లు ఒకేసారి తింటే పంటికి ఒక దెబ్బ, రోజంతా ఐదుసార్లుగా తింటే ఐదు దెబ్బలు.

నాకు పాలు ముక్కులోంచి వచ్చేసేవట. అమ్మ ఉగ్గుగిన్నెతో గంటసేపు కూర్చుని పట్టేది. ఆ జాలి నేను పెద్దయ్యాకా పోలేదు. ఏడిస్తే బెల్లం, నిద్రపోయేముందు బెల్లం. తొమ్మిదో ఏట మచ్చ పక్క పన్ను పిప్పి పట్టి, మొహం బూరెలా వాచింది. పీకేశారు. వేపపుల్లతో పళ్ళు రోజూ తోమేవాణ్ణి, పెదవి ఎత్తి తోమాలని ఒక్కరూ చెప్పలేదు.

ఇప్పుడైతే ఎనిమిది, పదకొండేళ్ళ మధ్య సాధారణంగా ఇంకో ఆపరేషన్ చేస్తారు. తుంటి ఎముకలోంచి కొంచెం తీసి చిగురు చీలికలో నింపుతారు, కోరపన్ను దిగడానికి ఆధారం ఉండాలని. అక్కడ పిప్పిపన్ను ఉంటే ముందు దాన్ని బాగుచేయాలి, లేకపోతే చీము పట్టి పెట్టిన ఎముక పాడవ్వచ్చు. ఆ మూల పన్ను మీద డాక్టర్లకి అంత పట్టింపు అందుకే.

ఇక తోమడం. అద్దం ముందు నిలబడి, చూపుడు వేలితో పెదవిని మెల్లగా పైకెత్తాలి. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌ని చిగురూ పన్నూ కలిసేచోట ఆనించి, అక్కడక్కడే చిన్న చిన్న సున్నాలు చుట్టాలి. గాయం మానిపోయి డాక్టర్ సరేనన్నాక బ్రష్ తగిలితే కుట్లు ఊడవు, ఒట్టు. ఏడెనిమిదేళ్ళ దాకా అమ్మో నాన్నో మీ వెనక నిలబడి ఒకసారి తోమాలి. రాత్రి తోమాక మంచినీళ్ళు తప్ప ఏదీ వద్దు.

ఫ్లోరైడ్ పేస్టు మూడేళ్ళ లోపు వాళ్ళకి బియ్యపు గింజంత, ఆ పైన బఠాణీ గింజంత చాలు. ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించకండి. నల్గొండ వైపు వాళ్ళు ఫ్లోరైడ్ మాట వింటేనే ఉలిక్కిపడతారు, నిజమే. అక్కడ భూమిలోంచి తోడుకున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి పళ్ళు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. పేస్టుని మనం మింగం కదా. మీ ఊరి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువైతే మాత్రం పళ్ళ డాక్టర్‌ని అడగండి.

అన్నట్టు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్లు అంగన్‌వాడీలకీ, సర్కారు బడులకీ వస్తారు. గ్రహణం మొర్రీ, పళ్ళ జబ్బులూ రెండూ వాళ్ళ జాబితాలో ఉన్నాయి. వాళ్ళు అడిగితే నోరు పెద్దగా తెరవండి. మా రోజుల్లో ఎవరూ వచ్చేవారు కాదు, వచ్చి ఉంటే నేను బెంచీ కింద దూరేవాణ్ణి.

మీరో పని చెయ్యండి. ఈ రాత్రి తోమేటప్పుడు పెదవి ఎత్తి ఆ పన్ను సరిగ్గా చూసి, ఎలా ఉందో బొమ్మ గీసి నాకు పంపండి. నాది నేను గీసి పంపుదామంటే అక్కడ ఖాళీయే ఉందాయె.

మీ
తాతయ్య