పారబోసిన నీళ్లలో దొరికిన ఎంజైమ్

ఉత్తర నార్వేలోని రొయ్యల ఫ్యాక్టరీలకు సరుకు గడ్డకట్టిన దిమ్మలుగా వస్తుంది. అతిశీతల సముద్రాల్లో పట్టిన చిన్న ఎర్ర రొయ్యలవి. శాస్త్రీయ నామం పాండలస్ బొరియాలిస్. పెంకు వలిచే ముందు ఆ దిమ్మల్ని నీళ్లలో వేసి కరిగిస్తారు. కరిగాక రొయ్యలు ముందుకు పోతాయి, నీళ్లు కాలవలోకి పోతాయి. 1990 ప్రాంతంలో అక్కడి ట్రామ్సో నగర శాస్త్రవేత్తలు ఆ నీళ్లను పట్టి పరీక్షించారు. రొయ్య జీర్ణగ్రంథి నుంచి ఊరి వచ్చిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ అందులో ఉంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. అన్నాళ్లూ దాన్ని పారబోస్తూనే ఉన్నారు.

డీఎన్ఏ పోగు కొసన ఉండే ఫాస్ఫేట్‌ను తెంపడం ఈ ఎంజైమ్ పని. జన్యువులతో పనిచేసే ప్రయోగశాలలకు ఇది నిత్యావసరం. ఈ పనికి దూడ పేగుల నుంచి తీసిన ఎంజైమ్‌ను వాడే అలవాటు ఉండేది. అది పని బాగానే చేస్తుంది గానీ, పని అయ్యాక ఓ పట్టాన ఆగదు. వేడి చేసినా మొండికేస్తుంది. రొయ్య ఎంజైమ్ అలా కాదు. 65 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే చాలు, మళ్లీ లేవకుండా చచ్చుబడిపోతుంది. అట్లాంటిక్ కాడ్ చేప జన్యువు నుంచి తయారుచేసిన ఇంకో ఎంజైమ్, డీఎన్ఏను నకళ్లు తీసి పెంచి చూసే పీసీఆర్ పరీక్షలకు కాపలా కాస్తుంది. పాత పరీక్షల తాలూకు డీఎన్ఏ తునకలు కొత్త పరీక్షలోకి చొరబడితే వాటిని ముందే నరికేస్తుంది, ఆ తర్వాత వేడికి అదీ కూలిపోతుంది.

వేడికి ఇంత తొందరగా చెడిపోవడం బలహీనతలా కనిపిస్తుంది. నిజానికి అది చలిలో బతకడానికి కట్టిన మూల్యం. సున్నా డిగ్రీల దగ్గర అణువుల కదలిక మందగిస్తుంది, రసాయన చర్యలు నత్తనడక నడుస్తాయి. మన ఒంట్లోని ఎంజైములు అక్కడ దాదాపు బిగుసుకుపోతాయి. చలిలో కూడా చురుగ్గా పనిచేయాలంటే ఎంజైమ్ నిర్మాణం కాస్త వదులుగా, సులువుగా వంగేలా ఉండాలి. ఆ వదులుతనమే కొద్దిపాటి వేడికి విడిపోతుంది. చల్లని నీటి జీవుల్లో నన్ను మొదట కట్టిపడేసింది ఈ సంగతే. చలిని అవి ఊరికే భరించడం లేదు. దానికి తగ్గట్టుగా అణువు అణువునూ మార్చుకున్నాయి.

ఆ మార్పుల్లో అన్నిటికన్నా తేటగా కనిపించేది చేపల రక్తంలో ఉంది. ఉప్పు వల్ల సముద్రపు నీరు సున్నాకు 1.9 డిగ్రీల దిగువ దాకా గడ్డకట్టదు. చేప రక్తంలో అంత ఉప్పు ఉండదు కాబట్టి, లెక్క ప్రకారం అది ఒక డిగ్రీ దిగువకు చేరకముందే గడ్డకట్టాలి. అయినా అంటార్కిటికాలోని మెక్‌మర్డో జలసంధిలో మంచు పలక కింద చేపలు ఏడాది పొడవునా ఈదుతున్నాయి. 1960లలో ఆర్థర్ డివ్రీస్ అనే శాస్త్రవేత్త దీనికి కారణం పట్టుకున్నాడు. ఆ రక్తంలో చక్కెర అణువులు తగిలించుకున్న ఒక ప్రోటీన్ ఉంది. చేప ఒంట్లో మంచు స్ఫటికం పుట్టిన వెంటనే ఈ ప్రోటీన్ వెళ్లి దాని ఉపరితలానికి అతుక్కుంటుంది. స్ఫటికం ఉంటుంది, పెరగదు.

ఈ ప్రోటీన్ ఎక్కడి నుంచి వచ్చిందో 1997లో తేలింది. ఆహారాన్ని అరిగించే ట్రిప్సినోజెన్ అనే ఎంజైమ్ జన్యువులోని ఒక ముక్క పదేపదే నకలు కావడంతో అది పుట్టింది. అంతకన్నా వింత ఉత్తర ధ్రువంలో ఉంది. అంటార్కిటికా చేపలతో దగ్గరి చుట్టరికమేదీ లేని ఆర్కిటిక్ కాడ్ రక్తంలో దాదాపు అచ్చం అలాంటి ప్రోటీనే ఉంది. అయితే దాని మూలం వేరు. అంతకుముందు ఏ ప్రోటీన్‌కూ ఆధారం కాని డీఎన్ఏ నుంచి అది తయారైంది. భూమి రెండు కొసల్లో, రెండు వేర్వేరు దారుల్లో, ఒకే సమస్యకు ఒకే జవాబు దొరికింది. ఇలాంటి ప్రోటీన్‌ను ఇప్పుడు ఈస్ట్‌తో తయారుచేసి ఐస్‌క్రీమ్‌లో పలుకులు కట్టకుండా వాడుతున్నారు. మార్పిడికి తీసిన అవయవాలను చలిలో ఎక్కువ సేపు నిలవ ఉంచడానికి పనికొస్తుందేమోనని కూడా పరిశోధనలు సాగుతున్నాయి.

ఇక మందుల సంగతికి వస్తే, చలి ఒక్కటే కథ కాదు. శత్రువులు కూడా కావాలి. పగడపు దిబ్బలున్న వెచ్చని సముద్రాల్లోనే జీవుల మధ్య పోటీ తీవ్రమనీ, విషాలూ ఔషధాలూ అక్కడే దొరుకుతాయనీ చాలాకాలం పరిశోధకులు భావించారు. చల్లని నీళ్లను పెద్దగా పట్టించుకోలేదు. ఆ అంచనా ఎంత పొరపాటో చెప్పే దృశ్యం ఒకటి మెక్‌మర్డోలోనే కంటపడింది.

అక్కడ యాంఫిపాడ్ అనే చిన్న జీవి ఉంది, రొయ్యకు దూరపు చుట్టం. చేపలకు ఇష్టమైన మేత. ఆ నీళ్లలోనే క్లయోని అనే, గవ్వ లేని, రెక్కలాడిస్తూ ఈదే నత్త కూడా తిరుగుతుంది. దాన్ని చేపలు ముట్టవు. చాలా యాంఫిపాడ్‌లు ఈ నత్తను సజీవంగా పట్టి, వీపున కట్టుకున్నట్టు మోస్తూ తిరుగుతున్నాయని జేమ్స్ మెక్లింటాక్, జాన్ జాన్సెన్ అనే శాస్త్రవేత్తలు 1990లో ప్రకటించారు. దాన్ని అవి తినడం లేదు, వదలడమూ లేదు. నత్తను మోసే యాంఫిపాడ్‌ను నోట పెట్టిన చేప వెంటనే ఉమ్మేస్తుంది. నత్త లేని యాంఫిపాడ్‌ను మాత్రం మింగేస్తుంది. నత్త ఒంట్లో చేపలకు గిట్టని రసాయనం ఉంది. తర్వాత కొన్నేళ్లకు దాన్ని వేరుచేసి టెరోయినోన్ అని పేరు పెట్టారు. సొంతంగా మందు తయారుచేసుకోలేని జీవి, తయారుచేసే జీవిని ఎత్తుకెళ్లి కవచంలా వాడుకుంటోంది. గడ్డకట్టే నీళ్లలో రసాయన యుద్ధం ఎంత ముదిరిందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

స్పాంజీ అనే సముద్ర జీవులకు పారిపోయే వీలు లేదు. పెంకు లేదు, పళ్లు లేవు. ఉన్నచోటే ఉండి, నీటిని వడగట్టుకుని బతుకుతాయి కాబట్టి వాటి ఆయుధాలన్నీ రసాయనాలే. అంటార్కిటికా స్పాంజి ఒకదాని నుంచి తీసిన డార్వినోలైడ్, మందులకు లొంగని స్టాఫ్ (స్టాఫిలోకాకస్) బ్యాక్టీరియా కట్టుకునే జిగురు పొర మీద పనిచేస్తుందని 2016లో తెలిసింది. ఉత్తర అట్లాంటిక్ లోతుల్లో పెరిగే జియోడియా బరెట్టి అనే స్పాంజి నుంచి బరెట్టిన్ అనే పదార్థం వచ్చింది. ఓడల అడుగున పేరుకునే బార్నకిల్ అనే పెంకు జీవి పిల్లల్ని అది దరి చేరనివ్వదు. వాపును తగ్గించే గుణం కూడా ఉందని ట్రామ్సో పరిశోధకులు ప్రయోగశాలలో చూశారు.

చేపల వేటకూ మందుల వేటకూ చుక్కెదురయ్యేది సరిగ్గా ఇక్కడే. జియోడియా స్పాంజీలు ఒంటరిగా ఉండవు. సముద్రపు అడుగున తోటల్లా విస్తరిస్తాయి. అడుగును గీకుతూ సాగే ట్రాల్ వల అలాంటి చోటు మీదుగా పోతే, ఒక్క ఈడ్పుకే టన్నుల కొద్దీ స్పాంజి పైకి వస్తుంది. ఫారో దీవుల జాలర్లు ఆ ప్రదేశాలను 'ఓస్టుర్' అంటారు. వాళ్ల భాషలో ఆ మాటకు జున్ను అని అర్థం. పైకొచ్చిన జున్ను ముద్దల్ని మళ్లీ నీళ్లలోకి తోసేయడమే గానీ, వాటితో జాలరికి ఏ ప్రయోజనమూ లేదు. అవి మళ్లీ బతికేది అనుమానమే. జాలరిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అతనికి చేప కావాలి, స్పాంజి వలను చించుతుంది. రసాయన శాస్త్రవేత్తకు ఆ స్పాంజే కావాలి. ఇద్దరూ వెతికేది ఒకే అడుగున. ఈశాన్య అట్లాంటిక్‌లోని తన జలాల్లో 800 మీటర్లకు దిగువన ఇలాంటి వేటను ఐరోపా సమాఖ్య 2016లో నిషేధించింది. అయితే స్పాంజి తోటలు అంతకన్నా పై లోతుల్లోనూ ఉన్నాయి.

రెండు పనులూ పొత్తు కుదిరిన సందర్భాలూ ఉన్నాయి, వాటిలో ఒకటి చాలా పాతది. 1874లో ఫ్రెడరిక్ మీషర్ రైన్ నది సాల్మన్ చేపల వీర్యం నుంచి ప్రోటమిన్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. వీర్యకణంలో డీఎన్ఏను గట్టిగా చుట్టిపెట్టే ప్రోటీన్ అది. డీఎన్ఏకు రుణావేశం ఉంటుంది, దీనికి ధనావేశం. అందుకే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌కు కూడా బలమైన రుణావేశమే. గుండె ఆపరేషన్‌లో హెపారిన్ ఇచ్చి, పని ముగిశాక ప్రోటమిన్ ఎక్కిస్తే అది హెపారిన్‌ను పట్టేసుకుంటుంది, రక్తం మళ్లీ గడ్డకట్టే స్థితికి వస్తుంది. 1936లో డెన్మార్క్‌లో హాన్స్ క్రిస్టియన్ హాగెడార్న్ ఇన్సులిన్‌కు ప్రోటమిన్ కలిపి, అది ఒంట్లోకి నెమ్మదిగా విడుదలయ్యేలా చేశాడు. ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ పేరులోని 'పీ' ప్రోటమిన్‌దే, 'హెచ్' హాగెడార్న్‌దే. సాల్మన్‌ను మాంసానికి కోసినప్పుడు మిగిలే భాగం నుంచి గుండె ఆపరేషన్ గదికి చేరే మందు తయారవుతోందంటే, చేపల పరిశ్రమలో 'వ్యర్థం' అన్న మాటను ఆచితూచి వాడాలనిపిస్తుంది. ఐస్‌లాండ్‌లోని ఇసాఫ్యోర్దుర్ పట్టణంలో కెరెసిస్ సంస్థ కాడ్ చేప తోలును మానని పుండ్ల మీద, కాలిన గాయాల మీద కప్పే పొరగా మార్చింది. 2023లో డెన్మార్క్ వైద్య పరికరాల కంపెనీ కోలోప్లాస్ట్ ఆ సంస్థను 130 కోట్ల డాలర్ల దాకా విలువైన ఒప్పందంతో కొన్నది.

స్పాంజికి మాత్రం ఆ సౌకర్యం లేదు. దాన్ని ఎవరూ తిండికి పట్టరు. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు హాలికాండ్రియా అనే స్పాంజిని 600 కిలోలు పోగుచేస్తే, క్యాన్సర్ కణాల్ని చంపే హాలికాండ్రిన్ బి 12.5 మిల్లీగ్రాములు చేతికొచ్చింది. చిటికెడు కూడా కాదు. తర్వాత న్యూజిలాండ్‌లోని కైకోరా తీరానికి ఆవల, వంద మీటర్లకు అటూఇటూ లోతులో, ఇదే పదార్థం ఉన్న మరో స్పాంజి దొరికింది. టన్ను స్పాంజి తీస్తే సుమారు 300 మిల్లీగ్రాములు వచ్చింది. రోగుల మీద పరీక్షలకే గ్రాముల్లో కావాలి, మందుగా అమ్మాలంటే కిలోల్లో. అలా తీస్తూ పోతే మందు రాకముందే స్పాంజి అయిపోతుంది. 1992లో హార్వర్డ్‌లో యోషితో కిషి బృందం ఆ అణువును ప్రయోగశాలలో మొదటి నుంచి నిర్మించింది. అలా కడుతున్నప్పుడే, మొత్తం అణువు అక్కర్లేదనీ, సగం చాలనీ తెలిసింది. ఆ సగాన్ని మెరుగుపరిస్తే ఎరిబ్యులిన్ అయింది. 2010లో అమెరికాలో ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందింది. తయారీకి అరవైకి పైగా అంచెలు పడతాయి. అదే పని చల్లని నీళ్లలో స్పాంజి ఒంట్లో చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది.

చేప విషయంలో అంత ముందుచూపు చూపలేదు. న్యూఫౌండ్‌లాండ్ కాడ్ వేట 1968లో 8 లక్షల టన్నులు దాటింది. 1992 జులై 2న కెనడా మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ ఉత్తర కాడ్ వేటను ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. సుమారు 30 వేల మంది పని పోయింది. తాత్కాలికమని మొదలైన ఆ నిషేధం 2024 దాకా సాగింది. చల్లని నీళ్లలో చాలా జీవులు నిదానంగా ఎదుగుతాయి, నిదానంగా కోలుకుంటాయి. గ్రీన్‌లాండ్ సొరచేప కంటి కటకాల్లోని కార్బన్‌ను కొలిచి 2016లో వేసిన లెక్కలో, అది పిల్లల్ని కనే వయసుకు రావడానికే ఒకటిన్నర శతాబ్దం పడుతుందని తేలింది. వలకు ఆ కాలం తెలియదు.

దేశాల సరిహద్దులకు ఆవలి సముద్రంలో దొరికే జన్యు సంపద ఎవరిదన్న ప్రశ్నకు 2023 జూన్‌లో కుదిరిన ఐక్యరాజ్య సమితి ఒప్పందం ఒక దారి చూపింది. దాని ద్వారా వచ్చే లాభాన్ని పంచుకోవాలంటుంది. అది 2026 జనవరి 17న అమల్లోకి వచ్చింది.

నా మనసు మాత్రం ఇంకో పదార్థం దగ్గర ఆగిపోతుంది. 2006లో రసాయన శాస్త్రవేత్త బిల్ బేకర్ బృందం అంటార్కిటికాలోని పామర్ స్టేషన్ అనే పరిశోధనా కేంద్రం దగ్గర మంచునీళ్లలోకి దిగి, రాళ్లను పట్టుకుని బతికే సంచి ఆకారపు సీ స్క్వర్ట్ నుంచి పామెరోలైడ్ ఏ అనే పదార్థాన్ని వేరుచేసింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలను అది ప్రత్యేకంగా ఎంచుకుని దెబ్బతీసింది. ఇంకా మందు కాలేదు. 2021లో అసలు గుట్టు బయటపడింది: దాన్ని తయారుచేసేది సీ స్క్వర్ట్ కాదు, దాని ఒంట్లో కాపురముండే ఒక బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియా జన్యుక్రమం మొత్తం చదివారు, పామెరోలైడ్ తయారీకి కావలసిన జన్యువుల్ని గుర్తించారు. దానికి పెట్టిన శాస్త్రీయ నామం ముందు 'క్యాండిడేటస్' అని ఉంటుంది. విడిగా గాజుపాత్రలో ఇంకా పెంచలేకపోయిన బ్యాక్టీరియాకు తగిలించే మాట అది. ప్రపంచంలో అతి వేగంగా వేడెక్కుతున్న తీరాల్లో అంటార్కిటికా ద్వీపకల్పపు పడమటి తీరం ఒకటి. ఆ బ్యాక్టీరియా ఇల్లు అక్కడే, ఆ రాళ్ల మీది సీ స్క్వర్ట్ ఒంట్లోనే ఉంది.